గుడ్డులో ఉన్న కప్పకు వాన చప్పుడు తెలుసు

(మహబూబ్‌నగర్‌లో జూలై నెల ఆదివారం సాయంత్రం ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడు విద్యార్థులు, ఉపాధ్యాయులు, రైతులతో మాట్లాడిన మాటలు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకుండ్రి. ఆ కిటికీ జర తెరువు నాయనా. ఆ. ఇప్పుడు వినుండ్రి.

వినబడుతున్నదా? రెండు రోజులు వాన పడ్డది గదా, ఈ హాలు వెనక గుంతలో నీళ్లు నిలిచినయి. ఆ లావు గొంతు బోదురు కప్పది. దాని నడుమ నడుమ టక్, టక్ టక్ అని, చెక్క మీద ఎవరో తడుతున్నట్టు వస్తున్నది చూడుండ్రి, అది చెట్టుకప్ప. నేను మాట్లాడే గంట సేపు అవి కూడా మాట్లాడుతనే ఉంటయి. కిటికీ మూయకుండ్రి. ఇయ్యాల మనం చెప్పుకునేది వాటి ముచ్చటే.

మన దగ్గర ఒక సామెత ఉన్నది. చిన్నపిల్లలకు కూడా తెలుసు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇంట్లో అమ్మకు, భార్యకు నడుమ ఇరుక్కున్నోడు ఈ మాట అంటడు. సరే. కానీ ఈ సామెతలో కప్ప ఎక్కడ ఉన్నది? అప్పటికే పాము నోట్లో ఉన్నది. దానికి మిగిలింది కోపం ఒక్కటే. నేను చెప్పబోయే కప్ప ఇంకా పుట్టనే లేదు. గుడ్డులో ఉన్నది. కాళ్లు లేవు, నోట్లో పళ్లు లేవు, చుట్టూ జిగురు. దాని మీదికి కూడా పాము వస్తది. అప్పుడు అది ఏం చేస్తది? కోపం చేసుకుంటదా? ఏం చేస్తదో కనుక్కోవడానికి ఒక మనిషి ముప్పై ఏండ్లు పెట్టిన్రు. ఆ మనిషి పని గురించి నేను మీకు చెప్పాలె.

పేరు కారెన్ వార్కెంటిన్. ఇప్పుడు బోస్టన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. 1990ల మొదట్లో టెక్సస్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ, మధ్య అమెరికాలోని కోస్టారికాకు పోయిన్రు. అక్కడ కోర్కొవాడో అని ఒక అడవి. ఆ అడవి మడుగుల పక్కన ఎర్రకళ్ల చెట్టుకప్ప ఉంటది. ఒళ్లు చిలకపచ్చ, పక్కలకు నీలం మీద పసుపు చారలు, కళ్లు ఎర్రగా కుంకుమ బొట్టు లెక్క. ఫొటోలలో అందరూ చూసే ఉంటరు.

ఈ కప్ప గుడ్లు నీళ్లలో పెట్టదు. నీళ్ల మీదికి వంగిన ఆకుకు అంటిస్తది. ఒక్క ముద్దకు నలభై దాకా గుడ్లు. సగ్గుబియ్యం ఉడికినంక ఎట్ల ఉంటది? గట్ల ఉంటది. లోపల పిల్ల కదులుతుంటే బయటికి కనబడతది. ఆరేడు రోజులకు గుడ్డు పగులుతది, పిల్ల జారి కింద నీళ్లలో పడతది. అక్కడి నుంచి దాని బతుకు నీళ్లలో.

ఆ చెట్ల మీద రాత్రిపూట తిరిగే పాములు ఉంటయి. పిల్లికి ఉన్నట్టు నిలువు కంటిపాప ఉంటది వాటికి. ఆ పాము వచ్చి గుడ్ల ముద్దను కరిచి, గుంజి, నమిలి, మళ్ల గుంజుతది. జిగురు గదా, ఒక్కసారికి రాదు. అట్ల పాము తింటుంటే, ఇంకా పొద్దు కాని గుడ్లు పగిలి పిల్లలు టపటపా నీళ్లలోకి దుంకుతున్నయి. అన్నీ కాదు, కొన్ని పాము కడుపులోకి పోతయి. చాలా మటుకు తప్పించుకుంటయి. వార్కెంటిన్ గారు దీన్ని 1995లో రాసిన్రు. పుట్టాల్సిన టైము కంటే ముప్పై శాతం దాకా ముందే పుట్టగలదు అని చూపించిన్రు. ఏడు రోజుల పిల్ల అనుకుంటే, ఐదో రోజుకే బయటపడగలదు అన్నమాట.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తది. మీలో ఎవరికన్నా వచ్చిందా? ... ఆ, చెప్పు బిడ్డా. సరిగ్గ అడిగినవు. ఐదో రోజుకే పుట్టే శక్తి ఉన్నప్పుడు ఏడో రోజు దాకా లోపల ఎందుకు కూసుంటది? అడగాల్సింది అదే. ఎందుకంటే కింద నీళ్లలో చేపలు ఉన్నయి, రొయ్యలు ఉన్నయి. ముందు పడ్డ పిల్ల చిన్నగ ఉంటది, ఈత చేతకాదు. తొందరగా వాటి నోట్లో పడతది. లోపల ఉన్న ప్రతి పూట దానికి బలం. పైన ఉంటే పాము, కింద పడితే చేప. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. అందుకే ఆ గుడ్డు ఊరికె భయపడితే బతకదు, ఊరికె ధీమాగ ఉన్నా బతకదు. ఎప్పుడు దుంకాలె, ఎప్పుడు ఆగాలె, తెలవాలె.

మరి పాము వచ్చిందని దానికి ఎట్ల తెలుస్తది? ఆకు ఊగుతది గదా సార్ అంటరు. నిజమే. కానీ గాలికి ఊగదా? వానకు ఊగదా? అది వానల అడవి. రాత్రికి రాత్రి కుండపోత పడతది. వాన పడ్డప్పుడల్లా పాము వచ్చిందనుకుని దుంకితే ఒక్క పిల్ల మిగులుతదా? మిగలదు. కాబట్టి ఆ గుడ్డుకు వాన వేరే, పాము వేరే అని తెలిసి ఉండాలె.

దీన్ని పరీక్ష చేసిన తీరు చెప్త, వినుండ్రి, నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. కుదుపును కొలిచే యంత్రం ఒకటి, వడ్లగింజంతది, గుడ్ల నడుమ పెట్టిన్రు. అది కదలికను రాసుకుంటది. పాము తిన్నప్పుడు ఆ కుదుపు ఎట్ల ఉన్నదో రికార్డు చేసిన్రు. వాన పడ్డప్పుడు ఎట్ల ఉన్నదో రికార్డు చేసిన్రు. ఆ తర్వాత పాము లేకుండ, వాన లేకుండ, ఆ రికార్డును సన్నని కడ్డీల ద్వారా గుడ్ల ముద్దలోకి పంపిన్రు. మనం పాట రికార్డు చేసి మళ్లీ వినిపించినట్టు. పాము కుదుపు వినిపిస్తే గుడ్లు పగిలినయి. వాన కుదుపు వినిపిస్తే చాలా కొన్నే పగిలినయి, మిగతావి కదలకుండ ఉన్నయి.

ముందు వరుస పిల్లలు కళ్లు మూసుకోండ్రి. ఈ బల్ల మీద రెండు చప్పుళ్లు చేస్త. మొదటిది... టపటపటపటపటప. విన్నరు గదా. రెండోది... బర్ర్... ఆగింది... బర్ర్... ఆగింది... బర్ర్. ఇందులో వాన ఏది? అందరూ మొదటిదే అన్నరు. ఎవరు నేర్పిన్రు మీకు? నేను చెప్పనే లేదు. వాన సన్నసన్న దెబ్బలు, ఎడతెగకుండ. పాము లావు కుదుపు, నడుమ నడుమ ఆగుడు. ఐదు రోజుల గుడ్డు కూడా ఆ ఆగుడునే లెక్కపెడతది.

వార్కెంటిన్ గారు అక్కడితో ఆగలేదు. వాన రికార్డును తీసుకొని, నడుమ నడుమ ఖాళీలు పెట్టిన్రు. ఆ వానే, కానీ పాము తాళంలో. అది వినిపిస్తే ఎక్కువ గుడ్లు పగిలినయి! అంటే గుడ్డు వింటున్నది చప్పుడును మాత్రమే కాదు, చప్పుడుకు చప్పుడుకు నడుమ ఉన్న మౌనాన్ని కూడా. ఇది 2005లో అచ్చయింది. పరీక్ష అంటే ఇట్ల ఉండాలె పిల్లలూ. నాకు అనిపించింది అని చెప్పుడు కాదు. పాము లేకుండ పామును, వాన లేకుండ వానను తెచ్చి, ఒక్కొక్క ముక్క మార్చి చూసుడు.

ఇంకొకటి. కందిరీగలు కూడా ఆ గుడ్లు తింటయి. కందిరీగ పాము లెక్క ముద్ద మొత్తం గుంజదు, ఒక్కొక్క గుడ్డును పట్టుకుంటది. అప్పుడు ముద్ద మొత్తం పగలదు. ఆ గుడ్డు, పక్కన ఉన్న ఒకటి రెండు, అంతే. ఎంత ఆపదకు అంత జవాబు. ఆకు తెగి ముద్ద నీళ్లలో మునిగితే, గాలి ఆడక అవి వెంటనే బయటికి వస్తయి. అది వేరే కారణం, ఆక్సిజన్ తగ్గుడు.

సరే, పగులుడు ఎట్ల? కోడిపిల్ల ముక్కుతో పొడుస్తది. దీనికి ముక్కు లేదు గదా. మూతి మీద గ్రంథులు ఉంటయి. పిల్ల ఒక్కసారి వణికి, నోరు తెరిచి మూస్తది, ఆ గ్రంథుల నుంచి ఒక ఎంజైమ్ వదులుతది, అది మూతి ముందరి పొరను కరిగిస్తది. ఆ రంధ్రంలో తల దూర్చి, తోక కొట్టుకుంట బయటపడతది. ఇదంతా ఎంత సేపు అనుకుంటున్నరు? సగటున ఇరవై సెకండ్లు. 2016లో వీడియోలు తీసి చూపిన్రు. నేను ఈ ఒక్క మాట చెప్పేలోపు అది పుట్టి నీళ్లలో ఉంటది.

మరి వినేది దేనితో? అందరూ ఒకసారి మీ వేలు కళ్ల ముందు పెట్టి తల అటూ ఇటూ ఊపుండ్రి. తల ఊగుతున్నది, వేలు మాత్రం నిలకడగా కనబడుతున్నది, అవునా? లోపలి చెవిలో ఉన్న భాగం తల ఎటు తిరిగిందో కళ్లకు చెప్తది, కళ్లు అంతే దూరం వెనక్కి తిరుగుతయి. వార్కెంటిన్ గారి బృందం ఇదే పరీక్షను కప్ప పిండాల మీద చేసింది. పిండాన్ని మెల్లగా దొర్లించి, దాని కళ్లు తిరుగుతున్నయా లేదా అని చూసిన్రు. ఏ వయసుకు కళ్లు తిరగడం మొదలైందో, అంటే ఏ వయసుకు లోపలి చెవి పనిలోకి వచ్చిందో, సరిగ్గ ఆ వయసుకే పాము కుదుపుకు జవాబు ఇవ్వడం కూడా మొదలైంది. 2019 నాటి పని. మనం సైకిల్ మీద పడకుండ ఉండేది ఏ చెవి భాగంతోనో, గుడ్డులోని కప్ప పామును కనిపెట్టేది కూడా దాంతోనే.

ఇదంతా కప్పకేనా అంటే కాదు. మన కృష్ణలో మొసళ్లు ఉన్నయి, జూరాల దిక్కు చేపలు పట్టేటోళ్లకు తెలుసు. మొసలి పిల్లలు గుడ్డులో ఉండగానే అరుస్తయి. 2008లో ఫ్రాన్స్‌లో అమెలీ వెర్న్, నికొలా మథెవాన్ అనే ఇద్దరు ఆ అరుపులను, అది నైలు మొసలి, రికార్డు చేసి మళ్లీ వినిపించిన్రు. వింటే ఏమైంది? పక్క గుడ్లలోని పిల్లలు కూడా అరుచుకుంట బయటికి వచ్చినయి. తల్లి మొసలి వచ్చి ఇసుక తవ్వడం మొదలుపెట్టింది. అందరం ఒక్కసారే పోదాం, అమ్మా నువ్వు రా అని పిలుచుకున్నట్టు.

ఇగ మన ఊరికి వద్దాం.

మాది అచ్చంపేట దిక్కు పల్లె. మా ఇంటి వెనక నీళ్ల గోలెం ఉండె. మృగశిర పోయినంక, వాన పడ్డ తెల్లారి, ఆ గోలెం లోపలి గోడకు నీళ్లకు జానెడు పైన తెల్లటి నురగ ముద్ద అంటుకొని ఉంటుండె. అరచేయంత. ఎవరో ఉమ్మిన్రు అనుకొని మా అమ్మ చీపురుతో గీకి పారవోసేది. నేను కూడా ఎన్నిసార్లు గీకిన్నో. ఆ నురగ ఏందో నాకు డిగ్రీలో కూడా ఎవరూ చెప్పలేదు. అది చెట్టుకప్ప గూడు. ఇప్పుడు ఆ బయట టక్ టక్ అంటున్నది గదా, అదే. ఆడ కప్ప ఒక జిగురు వదిలి, వెనక కాళ్లతో మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ చేస్తది. దాని లోపల గుడ్లు. పైపొర ఎండి పాపడం లెక్క అయితది, లోపల తడి అట్లనే ఉంటది. కొన్ని రోజులకు నురగ కిందిభాగం కరిగి పిల్లలు బొట్లు బొట్లుగా నీళ్లలో పడతయి. కోస్టారికా దాకా పోనక్కర లేదు, నీళ్ల పైన గుడ్లు పెట్టే కప్ప మన గోలెంలోనే ఉన్నది. నేను డిగ్రీ పిల్లలకు ఏండ్ల తరబడి కప్పను కోసి గుండె ఇది, కాలేయం ఇది అని చూపించిన. ఒక్క గుడ్డు పగలడం చూపించలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

పాలమూరు అంటే నీళ్లు ఆగని నేల. పడ్డ వాన పడ్డట్టే గుంతల్లో నిలుస్తది, పదిహేను రోజులు ఎండ కొట్టిందా, పోయింది. ఆ గుంతలో తోకకప్పలు ఉంటయి, పుస్తకంలో టాడ్‌పోల్ అని చదివేవి. నీళ్లు తగ్గుతుంటే అవి ఏం చేయాలె? ఎగిరిపోలేవు, నడవలేవు. దీని మీద రాబర్ట్ డెన్వర్ అనే శాస్త్రవేత్త పని చేసిన్రు, మిషిగన్ యూనివర్సిటీ. వారు చూసింది అమెరికా పడమటి దిక్కు ఎండు నేలల్లో బతికే కప్పను. దాని మడమకు పార లాంటి గట్టి అంచు ఉంటది, దాంతో వెనక్కి వెనక్కి మట్టి తవ్వి లోపలికి దిగిపోతది. మన చెలకల్లో కూడా అట్ల భూమిలోకి దిగే కప్పలు ఉన్నయి, నాగలి చాలులో గుండ్రంగ, మట్టి ఉండ లెక్క బయటపడతయి, రైతులు చూసే ఉంటరు.

తొట్టిలో నీళ్లు తగ్గించుకుంట పోతే ఆ తోకకప్పలు తొందరపడి కప్పలైనయి. నీళ్లు తగ్గుతున్నయని తెలిసినప్పుడు మెదడు ఒక హార్మోన్ వదులుతది, దాని పేరు సీఆర్‌హెచ్. మనకు భయమైనా, దిగులైనా మన మెదడు వదిలేది కూడా అదే. అది పోయి థైరాయిడ్‌ను లేపుతది. థైరాయిడ్ లేస్తే తోక కరుగుతది, మొప్పలు పోతయి, నాచు తినే పొడుగాటి పేగు పురుగులు తినే పొట్టి పేగు అయితది. 1997లో డెన్వర్ గారు ఆ హార్మోన్ పనిని అడ్డుకొని చూసిన్రు. అడ్డుకుంటే ఆ తొందర తగ్గింది. థైరాయిడ్ సంగతి అంతకంటే పాతది, 1912లోనే గుడెర్నాట్ష్ అనే ఆయన గుర్రం థైరాయిడ్ ముక్కలు తినిపిస్తే వేలెడు కూడా కాని తోకకప్పలు ఈగంత కప్పలైపోయినయి.

తొందరపడితే నష్టం లేదా అంటే ఉన్నది. చిన్న కప్పగ బయటికి వస్తది. ఆకలికి ఆగలేదు, శత్రువుకు తొందరగా దొరుకుతది. కానీ ఎండిన గుంతలో చచ్చేకంటే మేలు. మన దగ్గర చదువు నడుమ ఆపి పిల్లలు బొంబాయికి, పుణెకు పనికి పోయిన రోజులు నాకు గుర్తుకొస్తయి. ఎదగాల్సిన టైములో ఎదగనియ్యకుండ నీళ్లే తరిమినయి.

రైతన్నలకు ఒక మాట చెప్పాలె, అందుకే మిమ్మల్ని ప్రత్యేకంగ పిలిపించిన. వాన పడకపోతే మనం కప్పతల్లి ఆడతం. రోకలికి కప్పను కట్టి, వేపమండలు పెట్టి, ఇంటింటికి తిప్పితే ఆడోళ్లు బిందెతో నీళ్లు పోస్తరు. మూఢనమ్మకం అని కొందరు అంటరు. నేను అనను. కానీ ఒక సంగతి తెలుసుకోండ్రి. కప్ప నోటితో నీళ్లు తాగదు. కడుపు కింద, తొడల దగ్గర తోలు పలచగ ఉంటది, నీళ్లు అక్కడి నుంచే లోపలికి పోతయి. గాలి కూడా కొంత తోలుతోనే పీలుస్తది. అంటే మన అమ్మలు బిందె కుమ్మరించినప్పుడు ఆ కప్ప నిజంగనే దాహం తీర్చుకుంటున్నది. అందుకని గట్టిగ బిగించి కట్టొద్దు, ఎండలో తిప్పొద్దు, ఆట అయినంక నీళ్ల పక్కన విడవాలె.

ఆ తోలులోంచి నీళ్లు పోయినట్టే మందు కూడా పోతది. పత్తికి మందు కొట్టి వచ్చి పంపును కుంటలో కడుగుతున్నం. నేను కూడా చూస్తున్న, మా తమ్ముడు కూడా చేసిండు. కోడిగుడ్డుకు పెంకు ఉన్నది. కప్ప గుడ్డుకు ఏమున్నది? జిగురు. పాము వస్తే దుంకగలదు, గుంత ఎండితే తొందరపడగలదు. మందు వస్తే దానికి ఏ తాళం వినబడతది? ఏదీ వినబడదు. దాని దగ్గర జవాబు లేదు. పంపును గట్టు మీద కడగండ్రి, ఆ నీళ్లు కుంటలోకి పారకుండ చూడండ్రి. కప్ప కాళ్ల ఎగుమతిని మన దేశం 1987లో ఆపేసింది, పొలంలో పురుగులు తినేది అవే అని తెలిసి. అట్ల కాపాడుకున్న కప్పలను మళ్ల మనమే మందుతో పోగొట్టుకుంటే ఎట్ల?

పిల్లలకు పని చెప్త. ఇంటి దగ్గర గోలెంలో, సంపులో, బాయి గోడకు తెల్ల నురగ కనబడితే గీకకుండ్రి. తారీకు రాయండ్రి. నీళ్లకు ఎంత ఎత్తున ఉన్నదో బెత్తెలతో కొలిచి రాయండ్రి. రోజూ పొద్దుగాల, రాత్రి చూసి, వాన పడ్డదా లేదా, పిల్లలు ఏ రాత్రి నీళ్లలో పడ్డయి, రాయండ్రి. ముట్టొద్దు. వార్కెంటిన్ గారు కూడా మొదట చేసింది గంతే, రాత్రిపూట మడుగు పక్కన కూసొని చూసుడు.

ఇప్పుడు ఏడున్నర అయితున్నది. ఎనిమిదికి వెనక గుంత దగ్గరికి పోదాం. టార్చికి ఈ ఎర్ర కాగితం చుట్టుకోండ్రి, తెల్ల వెలుగు కొడితే అవి అరుపు ఆపేస్తయి. చెప్పులతోని ఎవరూ రావొద్దు, బూట్లు లేనోళ్లు ఇక్కడ గట్టు మీదనే ఉండండ్రి. కప్పల కోసం పాములు కూడా ఇదే టైముకు వస్తయి. నేను ముందు నడుస్త, నా వెనక ఒక్కొక్కరే రండ్రి. చిన్నపిల్లల చెయ్యి పెద్దోళ్లు పట్టుకోండ్రి. గుంత దగ్గరికి పోయినంక ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. మనం పోంగనే అవి ఊకుంటయి. మళ్ల మొదలుపెట్టే దాకా ఆగాలె.